పది పరీక్షలు అయ్యాక వచ్చే ఎండాకాలం

మురళీ,

మీ బస్తీ సర్కారు బడిలో పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పడానికి ఒప్పుకున్నావని తెలిసి సంతోషమేసింది. నువ్వు అడిగినవన్నీ లెక్కల గురించే. ఏ గైడు కొనాలి, ఏ పాఠం ముందు పట్టుకోవాలి అని. అవీ చెబుతా గానీ ముందు ఇది విను. 2025లో తెలంగాణలో పది రాసినవాళ్లలో 92.78 శాతం పాసయ్యారు. పాసవడం ఇప్పుడు మరీ పెద్ద గండమేం కాదు. పాసైన పిల్లాడు జూలైలో ఎక్కడున్నాడో చూడు. కాలేజీ బెంచీ మీదున్నాడా, మొబైల్ షాపు కౌంటర్ వెనకున్నాడా? నీ పని సగం అక్కడే ఉంది.

అందుకని మొదట సుద్దముక్క పక్కనపెట్టి కాగితాలు పట్టుకో. చలికాలంలో పరీక్ష ఫీజు కట్టించుకుని, నామినల్ రోల్, అంటే పరీక్ష రాసేవాళ్ల వివరాల జాబితా, పంపుతారు. అది పోయేలోపు హెడ్మాస్టర్ని అడిగి ప్రింటు తీసుకో. ఒక్కో పిల్లాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడు. బడి రిజిస్టర్లో 'కె. శ్రీను' అని ఉంటుంది, ఆధార్‌లో 'కావలి శ్రీనివాస్' అని ఉంటుంది. ఇవాళ అది చిన్న విషయమే, హెడ్మాస్టర్ కలంతో పోతుంది. మెమో ముద్రించాక అదే తప్పుకి బడికీ, డీఈవో ఆఫీసుకీ, నాంపల్లిలో పరీక్షల ఆఫీసుకీ తిరగాలి. కూలి మానుకుని ఎన్ని రోజులు తిరుగుతాడా తండ్రి? ఆధార్‌ని మార్చుకుందామంటే అక్కడా లెక్కుంది: పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి, అంతే. కాబట్టి జనన ధ్రువపత్రం ముందు పెట్టుకుని, ఏది దేనికి సరిపోవాలో తేల్చుకున్నాకే ఆధార్ కేంద్రానికి పంపు.

దీంట్లోనే ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకోటుంది. పదిహేనేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప మళ్లీ నమోదు చేయించాలి. మన పిల్లలది సరిగ్గా అదే వయసు. చేయించకపోతే ఏడాది తర్వాత స్కాలర్‌షిప్ కోసం మీసేవలో వేలు పెట్టినప్పుడు మెషిన్ ఒప్పుకోదు. పిల్లాడేమో 'సర్వర్ డౌన్ అట సార్' అని ఇంటికెళ్లిపోతాడు.

సరే, లెక్కలకొద్దాం. పేపరు 80 మార్కులు, ఇంటర్నల్స్ 20. ఆ 80లో 28 తెచ్చుకుంటే గట్టెక్కినట్టే. హిందీ రెండో భాషైతే 16 చాలు. లెక్కల్లో పార్ట్-బి బిట్లే 20 మార్కులు. బాగా వెనకబడినవాడితో పద్నాలుగు అధ్యాయాలూ మోయించకు. సమితులు, సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం, శ్రేఢుల్లో తేలికవి, బహుపదుల గ్రాఫు, సరూప త్రిభుజ నిర్మాణం పట్టిస్తే చాలు. గ్రాఫుకీ నిర్మాణానికీ భాష అక్కర్లేదు, స్కేలూ వృత్తలేఖినీ ఉంటే చేతికి అలవాటైపోతాయి. కానీ జామెట్రీ బాక్సు ఉందో లేదో చూడు, చాలామందికి ఉండదు. పిల్లలు తప్పేది కొత్త పాఠంలో కూడా కాదురా, ఆరో తరగతి భిన్నాల్లో, రుణ సంఖ్యల గుర్తుల్లో. మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసెయ్యమంటే మైనస్ ఎనిమిది అంటారు. మొదటి రెండు వారాలు దానికే పెట్టు, గైడు తర్వాత కొనొచ్చు.

మీడియం సంగతీ గమనించు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. తెలుగు పేజీ చదివించి అర్థమయ్యాక ఇంగ్లీషు పేజీలో అదే వాక్యం వెతికించు. ఆ పుస్తకంలో ఉన్న గొప్ప సౌకర్యం అదే, వాడుకునేవాళ్లే తక్కువ.

ఇప్పుడు ఎండాకాలం. 2025 తేదీలే చూడు, ఏ ఏడాదైనా వరస దాదాపు ఇంతే. పరీక్షలు ఏప్రిల్ 4తో అయిపోయాయి, ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి, సప్లిమెంటరీ జూన్ 3న మొదలైంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ మే 13న జరిగింది. దాని దరఖాస్తు గడువు పది ఫలితాలు రాకముందే ముగిసింది. 'రిజల్ట్ వచ్చాక చూద్దాం' అన్న ఇంట్లో పాలిటెక్నిక్ సీటు అప్పుడే పోయినట్టు. ఫీజు 500, ఎస్సీ ఎస్టీలకు 250. ఇంజినీరింగ్ డిప్లొమాకైతే లెక్కలు 60, భౌతికం 30, రసాయనం 30, మొత్తం 120 బిట్లు, అన్నీ పదో తరగతి పాఠాలే. 36 వస్తే అర్హత, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసమూ లేదు. పరీక్ష రాసిన ఊపు చల్లారకముందే, హాల్‌టికెట్ చేతిలో ఉండగానే దరఖాస్తు పెట్టించు. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని తండ్రికి విడిగా చెప్పు. 'ఇంజినీరింగ్ అవదేమో' అన్న బెంగ సగం తగ్గుతుంది. మార్కులు బాగా వచ్చే పిల్ల ఉంటే బాసర ట్రిపుల్ ఐటీకి తప్పక పెట్టించు. దానికి వేరే ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులతోనే ఆరేళ్ల కోర్సు.

పాలిటెక్నిక్‌కి నాలుగు నుంచి పది దాకా, ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్ కోసం రాసే ఎప్‌సెట్‌కి ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బస్తీ పిల్లలకు ఇదో పెద్ద చిక్కు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా బడి మారి ఉంటారు. అందులో ఒకటి మూతపడ్డ చిన్న ప్రైవేటు బడి, ఇంకోటి ఫీజు బాకీ ఉందని టీసీ ఆపిన బడి అయి ఉంటుంది. మే నెలలో బడులకు తాళాలు. అందుకే ఇది డిసెంబరులో చేయాల్సిన పని.

తప్పినవాడు నీకు కనిపించడు. ఫలితాల రోజు ఫోను ఆపేసి మేస్త్రీ వెంట వెళ్లిపోతాడు. సప్లిమెంటరీ ఫీజు గడువు కొద్దిరోజులే. ఆ సాయంత్రమే వాళ్లింటికి నడిచి వెళ్లు, తిట్టొద్దని తల్లికి ముందే చెప్పు. పూర్తిగా బడి మానేసి ఏడాది రెండేళ్లయినవాడికి ఓపెన్ స్కూల్ ఉంది, పదీ ఇంటరూ రెండూ అక్కడ రాయొచ్చు.

ప్రైవేటు కాలేజీలకు పిల్లల్ని పట్టుకొచ్చే పీఆర్వోల సంగతి నీకు తెలిసిందే. సంక్రాంతి దాటకముందే బస్తీలో తిరుగుతారు. 'మీ వాడికి కన్సెషన్ ఇప్పిస్తా, రెండు వేలు కట్టి సీటు రిజర్వ్ చేసుకోండి' అంటారు. ఆ రెండు వేల మీద మమకారంతో ఇల్లు అప్పుల్లో దిగుతుంది, మధ్యలో మానేద్దామంటే ఒరిజినల్ మెమో వాళ్ల బీరువాలో ఉంటుంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. ఏ గ్రూపు ఎక్కడుందో, బస్సు నంబరెంతో ఒక కాగితం మీద రాసి తల్లిదండ్రులకివ్వు. ఆడపిల్లలకు సిటీ బస్సు ఉచితం కాబట్టి దూరమైనా పర్వాలేదు. మగపిల్లలకు పాస్ తీయించాలి. ఇకపోతే, స్నేహితుడు తీసుకున్నాడని ఎంపీసీ తీసుకునేవాడే ఎక్కువ. పది లెక్కల్లో 35 దగ్గర ఆగినవాడికి కామర్స్ గ్రూపు సీఈసీయో ఒకేషనలో నయమని నా అభిప్రాయం. దానికి నాతో పోట్లాడేవాళ్లున్నారు.

చేరాక ఈపాస్, అంటే సర్కారు స్కాలర్‌షిప్‌కి ఆన్‌లైన్ దరఖాస్తు. దీనికి రెండు నెలల ముందు నుంచే సిద్ధం చేయాలి. ఆదాయ ధ్రువపత్రం ఏడాదే చెల్లుతుంది కాబట్టి పాతది పనికిరాదు. పట్టణంలో బీసీలకు ఆదాయ పరిమితి రెండు లక్షలు. మీసేవలో జూన్, జూలైల్లో కిటకిట, అందుకే మేలోనే పెట్టించు. బ్యాంకు ఖాతా పిల్లాడి పేరునే ఉండాలి, ఆధార్‌తో ముడిపడి ఉండాలి. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతా నిద్రపోయి ఉంటుంది, వంద రూపాయలు వేయించి తీయించు. ఆన్‌లైన్‌లో పెట్టడంతో అయిపోయిందనుకుంటారు, ప్రింటు కాలేజీలో ఇవ్వాలి, కాలేజీ దాన్ని పైకి పంపాలి. అక్కడ ఆగిన దరఖాస్తులు బోలెడు. హాజరు 75 శాతం తప్పనిసరి. కేటరింగ్ పనికి వెళ్లే మగపిల్లలు పెళ్లిళ్ల సీజన్లో దీంట్లోనే దెబ్బతింటారు.

ఎనిమిదో తరగతి వాళ్లూ అదే బడిలో ఉంటారుగా? ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపుండాలి. ఏటా రెన్యువల్ చేయించకపోతే డబ్బు ఆగిపోతుంది, ఎందుకాగిందో పిల్లాడికి ఎవరూ చెప్పరు.

ఒక నోటుబుక్కు తీసి పిల్లాడికో పేజీ కేటాయించు. పైన రెండు ఫోను నంబర్లు, ఒకటి వాడిది, ఒకటి కచ్చితంగా పక్కింటివాళ్లది, బస్తీలో సిమ్ములు నెలనెలా మారుతుంటాయి. పుట్టిన తేదీ ఆధార్‌తో కలిసినవాళ్ల పేజీ మీద టిక్కు పెట్టుకుంటూ పో. కలవనివాళ్లు ఎంతమంది తేలారో వచ్చే ఉత్తరంలో రాయి.

నీ
రాఘవ