వాసుకి అమ్మ ఉత్తరం

చి॥ వాసుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులైంది. పనిలో ఉంటావని తెలుసు. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్నాను.

గౌరి ఈనింది, పెయ్యదూడ. జున్నుపాలు పంపుదామంటే పూణే చేరేలోపు విరిగిపోతాయని సుబ్బు అన్నాడు. పోయిన ఆదివారం వచ్చాడులే. నీ దగ్గర రెండు రోజులున్నాడట కదా. నువ్వు కాస్త చిక్కావన్నాడు. ఇంట్లో పొగాకు వాసన వేసిందని కూడా అన్నాడు, మాటల్లో మాటగా. నేను పెద్దగా పట్టించుకోలేదు.

నాన్నగారి పాత పొగాకు పైపులు ఎన్నాళ్ళయినా వాసన వదలవు, అది నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు వాటిని తుడిచిన చేతులు నావి. కొబ్బరి ఈనెకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, గొట్టంలోకి పోనిచ్చి తిప్పాలి. దూది తెల్లగా బయటికొచ్చేదాకా మార్చాలి. వేరుచెక్కతో చేసిన వాటికే అలా. తెల్ల రాతిదానికి మాత్రం స్పిరిట్ తగలనివ్వకు, దాని మీద తేనెమైనం పూత పోతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. నల్ల రబ్బరు కొసలున్నవి కిటికీ దగ్గర పెట్టకు, ఎండ తగిలితే పాకుడు రంగుకి తిరుగుతాయి. వానల్లో పాలిథిన్ సంచిలో కట్టకు, బూజు పడుతుంది. నా పాత నేత చీర ముక్కలు పైపుల పెట్టెలోనే ఉన్నాయి, వాటిలో చుట్టు.

అన్నీ ఉన్నాయా? లెక్క చూసుకున్నావా? నేను పంపినప్పుడు పద్నాలుగు.

రాజోలు పెదనాన్న ఓడ దిగినప్పుడల్లా ఒకటి తెచ్చేవారు. నాన్నగారు చిన్నవే తెమ్మనేవారు. కాలవ లాకు తలుపులు తీసి మళ్ళీ వేసే మధ్యలో పది నిమిషాలు దొరుకుతాయి, పెద్ద పైపు అంతలో అవ్వదు అనేవారు. జపాను దాన్ని చూడు, దాని గిన్నె బఠాణీ గింజంత. వెంట్రుకల్లా తరిగిన పొగాకు చిటికెడు పడుతుంది, రెండు మూడు దమ్ములకే అయిపోతుంది. మట్టి పైపు హాలండు గౌడా ఊరిది. మొదట్లో అక్కడ పొగాకు చాలా ఖరీదట, అందుకే గిన్నె అంత చిన్నగా చేసేవారట. డచ్చివాళ్ళు మన పాలకొల్లులో వ్యాపారానికి దిగినప్పుడు వాళ్ళ నోళ్ళలో ఇలాంటివే ఉండి ఉంటాయని నాన్నగారి నమ్మకం. పాలకొల్లు పెళ్ళికి వెళ్ళినా దొడ్లో మట్టి వంక చూస్తూ నిలబడేవారు. తెల్లది టర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర తవ్వి తీసిన రాయి. ఎంత తేలికో నీకు తెలుసు. కాల్చేకొద్దీ పసుపెక్కి, తర్వాత తేనె రంగుకి వస్తుంది. కాల్చకపోతే తెల్లగానే ఉంటుంది. తెల్లగా ఉన్నా అందమే.

నవంబర్ వస్తే నాకు తుఫాను గుర్తొస్తుంది. 1996 నవంబర్ 6. నీకు నాలుగేళ్ళు. సాయంత్రం నుంచే గాలి తిరిగింది. చీకటి పడేసరికి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. బడికి పోదాం రమ్మని చంటి వాళ్ళ నాన్న కేక వేశాడు. నిన్ను నాన్నగారు భుజానికెత్తుకున్నారు, నేను బియ్యం డబ్బా పట్టుకున్నాను. మోకాలి లోతు నీళ్ళు, కాళ్ళకి కొబ్బరి మట్టలు అడ్డం. బడిలోకి వెళ్ళాక చూద్దును కదా, ఆయన నడుముకి తువ్వాలుతో కట్టుకున్నది పైపుల పెట్టె! నా నగలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఆ కోపం ఎంతని చెప్పను. కానీ గదినిండా పిల్లలు ఏడుస్తున్నారు. ఒకటే లాంతరు. ఆయన ఆ వెలుగులో పెట్టె తెరిచి ఒక్కొక్క పైపూ తీసి, ఇది ఫలానా రేవుది, అక్కడ మంచు కురుస్తుంది అని చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలందరూ చుట్టూ చేరారు. నువ్వు మొక్కజొన్న కండె పైపు పట్టుకుని వదల్లేదు. కండెతో పైపేమిటని అడిగితే, అమెరికాలో మిస్సోరీ అనే చోట 1869 నుంచీ చేస్తున్నారని చెప్పారు. అది గుప్పిట్లో పెట్టుకునే నిద్రపోయావు, పెట్టె మీద తల పెట్టి. నిద్రలో దొర్లావు. తెల్లారి చూస్తే మట్టిది మూడు ముక్కలు. చెట్లు పడిపోయాయని బయట అందరూ గొల్లుమంటున్నారు, నువ్వేమో ముక్కలు చేతిలో పట్టుకుని నాన్నగారి వంక చూస్తున్నావు. నేను కొడతారనుకున్నాను. ఆయన నీ చేతిలోంచి తీసుకుని, దూదిలో చుట్టి, మళ్ళీ పెట్టెలో పెట్టారు. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

అంచేత ఆయన తిడతారని నువ్వు ఫోన్ మానెయ్యక్కర్లేదు.

నేనైతే అడుగుతాను. వాసూ, అవి చూసుకుంటున్నావా, వెలిగిస్తున్నావా? కొనుక్కో, మరో పద్నాలుగు పోగెయ్యి, నాకేం అభ్యంతరం లేదు. నీ జీతం, నీ సరదా. వాటిలో పొగాకు మాత్రం వేయకు. పొగ లోపలికి పీల్చడం లేదుగా, నోట్లో పెట్టి వదిలెయ్యడమే, ఏమవుతుంది అని ఆయనా అనేవారు. నాలుక పక్కన తెల్లటి మచ్చ కనిపించినప్పుడు పచ్చడి కారం అనుకున్నాం. ఆరు నెలలు అలాగే అనుకున్నాం. ఎక్కువ రాయను. ఆపరేషన్ రోజు నువ్వూ ఉన్నావు. ఇప్పుడు పెరుగన్నం కూడా మెత్తగా పిసికి పెడుతున్నాను. మాట నాకు అర్థమవుతుంది, ఫోన్లో నీకు అర్థం కాదని ఆయనే నీతో మాట్లాడరు. నీ మీద కోపంతో కాదు. అలా అనుకున్నావేమోనని రాస్తున్నాను.

మాగాయ, కందిపొడి సుబ్బుతో పంపుతున్నాను. మాగాయ సీసా మూత గట్టిగా బిగించు, చెమ్మ చెంచా పెట్టకు. రాత్రి పదకొండు దాకా మేలుకోకు. అక్కడ చలి మొదలై ఉంటుంది, కిటికీ తీసి పడుకోకు. కాదులే, వాసన పోవాలంటే పగలు తీసి ఉంచు.

ఇది రాస్తుంటే నాన్నగారు వచ్చి కూర్చున్నారు. ఎవరికని అడిగారు, చెప్పాను. పలక తీసుకుని రాసి చూపించారు: “తెల్లది ఇంకా తెల్లగానే ఉందా?”

సంక్రాంతికి పెట్టెతో సహా రా. ఈలోపు ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి, ఆయనకి ఇస్తాను.

అమ్మ