ఓక్ చెట్లు కొనేవాళ్లకు కొన్ని ముక్కుసూటి మాటలు

టెక్సస్‌లో డల్లాస్ దగ్గరున్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ చుట్టుపక్కల మా నర్సరీ నుంచి చెట్లు తీసుకున్నవాళ్లకూ, తీసుకోబోయేవాళ్లకూ నమస్కారం. ఈ అక్టోబర్ నుంచి కొన్ని మార్పులు చేస్తున్నాం. అమ్మకాలు కొంత పడిపోతాయని తెలిసే చేస్తున్నాం.

క్రేన్‌తో దింపి నాటే పెద్ద చెట్లు ఇక అమ్మం. గృహప్రవేశానికల్లా నీడ కావాలని చాలామంది అడుగుతారు. కానీ పొలంలో పెరిగిన ఓక్‌ను తవ్వి తెస్తే వేళ్లలో ఎక్కువ భాగం ఆ పొలంలోనే ఉండిపోతుంది. కాండం ఎన్ని అంగుళాల మందముంటే కొత్తచోట కుదురుకోవడానికి దాదాపు అన్నేళ్లు పడుతుందని మా పనిలో ఒక లెక్క ఉంది. నాలుగంగుళాల చెట్టు కుదురుకునేలోపు, పక్కన నాటిన చిన్న మొక్క ఏపుగా ఎదిగి దాన్ని అందుకుంటుంది. అందుకే ఇకమీదట 15, 30 గాలన్ల కుండీల్లో పెంచినవే ఇస్తాం.

దాదాపు ఏడాదంతా పచ్చగా ఉండే లైవ్ ఓక్ అమ్మడం మానెయ్యలేదు. కాకపోతే మీ వీధంతా అవే ఉంటే, బర్ ఓక్ గానీ చింకపిన్ ఓక్ గానీ పెట్టుకోమని చెబుతాం. డల్లాస్, టారెంట్ కౌంటీల్లో ఓక్ విల్ట్ అనే శిలీంధ్ర తెగులు ఉంది. పక్కపక్కనున్న లైవ్ ఓక్‌ల వేళ్లు నేలలో కలిసిపోతాయి, ఆ దారినే తెగులు ఒక పెరడు నుంచి ఇంకో పెరడుకు పాకుతుంది. శరదృతువులో ఎర్రగా మెరిసే షూమార్డ్ ఓక్‌కు సోకితే కొన్ని వారాల్లోనే ఎండిపోతుంది. బర్, చింకపిన్ దీన్ని చాలావరకు తట్టుకుంటాయి. ఆ ఎరుపు కోసం షూమార్డ్ అడిగితే ఇస్తాం, ఈ సంగతి చెప్పే ఇస్తాం. పిన్ ఓక్ మాత్రం అడగొద్దు. మన నల్లబంకమట్టిలో సున్నం ఎక్కువ, ఇనుము అందక దాని ఆకులు పసుపెక్కిపోతాయి.

ఫిబ్రవరి 1 నుంచి జూన్ 30 దాకా ఓక్ కొమ్మలు కొట్టే పని ఒప్పుకోం. ఉగాదికి పెరడు శుభ్రం చేయించాలన్న ఆత్రం నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే గోల. తెగులును మోసుకొచ్చే చిన్న పురుగులు పచ్చి గాయం మీద వాలేది సరిగ్గా ఆ నెలల్లోనే. గాలివానకు కొమ్మ విరిగితే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యండి. కోసి, అప్పటికప్పుడే పెయింట్ పూస్తాం. ఏ నెలలో కోసినా పెయింట్ తప్పదు.

మార్చిలో లైవ్ ఓక్ ఆకులన్నీ రాల్చేస్తే టెన్షన్ పడకండి. పాత ఆకు పోయి కొత్తది రావడమే అది, చెట్టు చావలేదు.

ఇక ఎక్కడ పెట్టాలి? పడమర, నైరుతి వైపు, ఇంటికి కనీసం 15 నుంచి 20 అడుగుల దూరంలో. జూలై సాయంత్రం ఎండ గోడను కాల్చేది ఆ వైపే. పెద్ద చెట్లు దక్షిణ, పడమరల్లో ఉండాలని వాస్తు చెప్పేవాళ్లూ అంటారు కాబట్టి, ఈ ఒక్క విషయంలో మా అత్తగారితో నాకు గొడవ లేదు. గుంత వెడల్పుగా తవ్వాలి గానీ వేరుబంతి (మట్టితో సహా ఉన్న వేళ్ల ముద్ద) ఎత్తు కంటే లోతు వద్దు. కాండం విచ్చుకుని వేళ్లుగా మారే చోటు మట్టిపైన కనబడాలి. చుట్టూ నేలమీద పరిచే మల్చ్ (చెక్కపొట్టు లాంటిది) కాండానికి తగలకూడదు. లాన్‌కు పెట్టే స్ప్రింక్లర్ నీళ్లు కొత్త చెట్టుకు చాలవు, గొట్టం చెట్టు మొదట్లో పెట్టి సన్నధారగా చాలాసేపు వదలండి. నీడ ముదిరాక కింద బెర్ముడా గడ్డి పలచబడుతుంది. గడ్డి కోసం కొమ్మలు నరకమంటే నేను రాను.

అక్టోబర్, నవంబర్ నాట్లకు ఆర్డర్లు ఇప్పుడే తీసుకుంటున్నాం. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి ముందే తెచ్చుకోండి. సొంతంగా నాటుకునేవాళ్లు తవ్వేముందు 811కి ఫోన్ చెయ్యండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగానే గుర్తు పెట్టి వెళ్తారు.