రెండు బూజులూ ఒకే రోజు వేయొద్దు

సంపాదకులకు,

పత్తి కట్టె మీద రెండు శిలీంధ్రాలను కలిపి పెంచితే ఎంజైము ఎక్కువగా వస్తుందని మా రాజురా వైపు చాలామంది అంటున్నారు. వస్తుంది. కానీ ఏ రెంటిని, ఏ రోజు కలపాలో చెప్పకపోతే చివరికి మిగిలేది పచ్చబూజు పట్టిన సంచి.

ట్రామెటీస్, ముత్యపు చిప్ప పుట్టగొడుగు లాంటి తెల్లకుళ్ళు (కొయ్యను తెల్లగా కుళ్ళబెట్టే) శిలీంధ్రాలు పరాయి బూజు తగిలినప్పుడు లాకేజ్ (కట్టెను గట్టిగా ఉంచే లిగ్నిన్‌ను విడగొట్టే ఎంజైము) ఎక్కువగా వదులుతాయి. ఇది చాలావరకు హద్దు కాపాడుకునే పని. కాబట్టి సెల్యులేజ్ (సెల్యులోజ్‌ను చక్కెరలుగా విడగొట్టే ఎంజైము) కూడా అంతే పెరుగుతుందని లెక్క వేయకండి.

జోడీ కుదురుతుందో లేదో ముందు ప్లేటులో చూడాలి. లీటరు బంగాళాదుంప అగర్‌లో (బూజు పెంచే గడ్డకట్టిన మాధ్యమం) 0.2 గ్రాముల గ్వయకాల్ (లాకేజ్ తగిలితే రంగు మారే రసాయనం) కలిపి, తెల్లకుళ్ళు శిలీంధ్రం ముక్కనూ, జోడీగా వేసే ట్రైకోడెర్మా (పచ్చబూజు) ముక్కనూ 4 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. అవి కలిసే గీత వెంట ఎర్రటి గోధుమరంగు చిక్కబడితే జోడీ పనికొస్తుంది. ఒకటి రెండోదాని మీదికి ఎక్కేసి, రంగు అక్కడే ఆగిపోతే వదిలేయండి.

తర్వాత కట్టె. 1–2 సెంటీమీటర్ల ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టి వార్చాలి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. అంటే తేమ 60–65 శాతం. పొడి బరువులో 10 శాతం గోధుమ తవుడు చాలు, అంతకు మించితే ట్రైకోడెర్మాకు విందే. 121 డిగ్రీల వద్ద గంటసేపు ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరి పాత్ర) శుద్ధి చేసి, పూర్తిగా చల్లారాక తెల్లకుళ్ళు స్పాన్ (శిలీంధ్రపు విత్తనం) 5 శాతం కలిపి 28 డిగ్రీల వద్ద ఉంచండి. ముక్కలకు తెల్ల బూజు పట్టాక, నాలుగైదు రోజులకు, అప్పుడే ట్రైకోడెర్మా వేయాలి. ఒకే రోజు వేస్తే వేగంగా పెరిగే ట్రైకోడెర్మా సులువుగా దొరికే చక్కెరలన్నీ తినేసి, రెండోదాన్ని అణిచేస్తుంది. ఎండుతెగులుకు దుకాణాల్లో అమ్మే ట్రైకోడెర్మా పొడి దీనికి వద్దు, అందులో వేరే సూక్ష్మజీవులూ ఉండొచ్చు. శుద్ధమైన కల్చరే కావాలి.

రెండు రోజులకోసారి 10 గ్రాములు తీసి, 50 మిల్లీలీటర్ల అసిటేట్ బఫర్‌లో (ఆమ్లత స్థిరంగా ఉంచే ద్రావణం, పీహెచ్ 5) అరగంట ఊపి వడకట్టండి. ఏబీటీఎస్‌తో (లాకేజ్ తగిలితే నీలి ఆకుపచ్చగా మారే రసాయనం) 420 నానోమీటర్ల కాంతి వద్ద లాకేజ్ చర్య కొలవాలి. శిఖరం దాటాక చర్య పడిపోతుంది. ఒక్కరోజు కొలతతో తేల్చేస్తే మోసపోతాం. పోల్చడానికి ఒక్కో శిలీంధ్రాన్ని విడివిడిగా పెంచిన సంచులు లేకుండా ‘పెరిగింది’ అనడం ఊహే. ఫలితం పొడి గ్రాముకు చెప్పాలి, ఎందుకంటే కట్టె బరువు రోజురోజుకీ తగ్గుతుంది.

మా చంద్రపూర్ ఎండల్లో చల్లబరిచే గది లేకుండా ఏప్రిల్, మే నెలల్లో ఇది మొదలుపెట్టకండి. పుట్టగొడుగులు పెంచే షెడ్డులో మాత్రం ఏ కాలంలోనూ వద్దు. ట్రైకోడెర్మా బీజాలు అక్కడ చేరితే మిగతా బెడ్లన్నీ పచ్చబడతాయి.

— సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకులు,
రాజురా, చంద్రపూర్ జిల్లా