సంక్రాంతి పొయ్యిల దగ్గర మంటలార్పడం నేర్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో జరిగిన పేలుళ్లలో ప్రాణాలు కోల్పోయిన అగ్నిమాపక సిబ్బందిని తలచుకునే వారమది. బడుల్లో, ఆస్పత్రుల్లో, పెట్రోలు బంకుల్లో మంటలార్పి చూపిస్తారు. సంతోషం. కానీ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆడవాళ్లు పూటలకు పూటలు నూనె బాణలి ముందు కూర్చునేది ఏప్రిల్లో కాదు, సంక్రాంతి ముందు వారంలో. ఆ ప్రదర్శనలు ధనుర్మాసంలో ఇంకోసారి, మా వీధుల్లో పెట్టించమని అడగడానికే ఈ లేఖ.

పండగ పిండివంటలు రోజూ చేసే వంట లాంటివి కావు. వంటింట్లో చోటు చాలక సిలిండరు వసారాలోకి వస్తుంది. నేల మీద పెద్ద పొయ్యి, నడిచే దారికి అడ్డంగా గ్యాస్ ట్యూబు, పొయ్యి మీద కిలోల కొద్దీ నూనెతో బాణలి. ఒకరు ఆకు మీద అరిసె తట్టి వేస్తుంటే ఇంకొకరు తీసి చెక్కల మధ్య నొక్కుతుంటారు. కారిన నూనె మళ్లీ బాణలిలోకే పోతుంది, నాలుగు చుక్కలు అంచు దాటి మంటలో పడతాయి. పక్కనే గాలిపటాలతో పిల్లల పరుగులు. పాకం ఎంతవరకొచ్చిందో చూడ్డానికి లోపలికో, చుట్టాలు దిగారని గేటు దగ్గరికో లేచి వెళ్తే నూనె కాగుతూనే ఉంటుంది. పొగలు కక్కడం మొదలైందంటే అంటుకోవడానికి ఇక ఎంతోసేపు పట్టదు.

అంటుకున్నాక కంగారులో చేసే పని ప్రాణం మీదికి తెస్తోంది. నిరుడు మా పక్క వీధిలో బాణలి అంటుకుంటే ఒకామె చెంబెడు నీళ్లు పోసింది. మంట వసారా కప్పు దాకా లేచింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలి, పండగ మూడు రోజులూ ఆమె ఆస్పత్రిలోనే ఉంది. ఆమెను ఏమనగలం? మంటకు నీళ్లు పోయాలనే కదా అందరం చిన్నప్పటి నుంచీ విన్నాం. నూనె కన్నా నీళ్లు బరువు. అడుక్కి దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బి, మండే నూనెను పైకి ఎగజిమ్ముతాయి. పొయ్యి కట్టేసి, బాణలిని కదపకుండా, పెద్ద మూతను మన వైపు నుంచి అవతలికి జరుపుతూ కప్పేయాలి. బాగా చల్లారేదాకా తీయకూడదు. మూత బాణలికి సరిపోయేదై ఉండాలి, పొయ్యి వెలిగించక ముందే చేతికందే చోట ఉండాలి.

ఇది కరపత్రం పంచితే వచ్చే విద్య కాదు. గాభరాలో చెయ్యి నీళ్ల బిందె వైపే పోతుంది. ఫైరు సిబ్బంది దగ్గరుండి చూపించి, మా చేతులతో ఒక్కసారి మూత వేయించి ఆర్పిస్తే జన్మలో మరిచిపోం.

అందుకు కొత్త ఏర్పాట్లేవీ అక్కర్లేదు. 1992లో దూబగుంట నుంచి సారా మీద ఉద్యమం లేపిన జిల్లా మనది. ఆ కదలికలోంచే పొదుపు సంఘాలు బలపడ్డాయి. ఇప్పుడు సంఘం లేని ఊరు లేదు, నెలనెలా సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. డిసెంబరు సమావేశంలో ఒక గంట దీనికి ఇస్తే చాలు.

గ్యాస్ ఏజెన్సీల వాళ్లకూ ఒక మాట. 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 పథకంతో అర్హులైన ఇళ్లకు ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా అందుతున్నాయి. సిలిండర్లు మారుతున్నాయి గానీ ట్యూబులు మారడం లేదు. ట్యూబును 5 ఏళ్లకు మించి వాడకూడదని, దాని మీదే తేదీ ఉంటుందని మా సంఘంలోనే సగం మందికి తెలియదు. సిలిండరు తెచ్చినవాళ్లు సీలు తీసి లీకు చూసి ఇవ్వాలి. చాలాచోట్ల గేటు దగ్గర దించేసి పోతున్నారు. కనీసం డిసెంబరు, జనవరి నెలల్లోనైనా లోపలికొచ్చి ట్యూబూ రెగ్యులేటరూ చూసి వెళ్లాలి. లీకు అనుమానం వస్తే ఫోన్ చేయాల్సిన 1906 నంబరు గోడ మీద రాసిపెట్టి వెళ్లినా మేలే. గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి నేలబారున పరుచుకుంటుంది. నేల పొయ్యి పెట్టే ఇళ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం.

రెండు జిల్లాల అగ్నిమాపక అధికారులు ఏ ఊరికి ఏ రోజు వస్తారో ధనుర్మాసం మొదలయ్యేలోగా ప్రకటించాలి. జనాన్ని పోగుచేయడం, పాత బాణలి, నూనె, మూత సిద్ధం చేయడం మా సంఘాలు చూసుకుంటాయి.

– పొదుపు సంఘం సభ్యురాలు, కావలి, నెల్లూరు జిల్లా