సముద్రం చూసి వెళ్లిపోతే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన మా చెల్లెలి కుటుంబాన్ని కళింగపట్నం తీసుకెళ్లాను. పిల్లలు కెరటాల్లో తనివితీరా ఆడుకున్నారు. కాసేపటికి చెల్లెలు నా చెవి దగ్గరకు వచ్చి మరుగుదొడ్డి ఎక్కడని అడిగింది. వెతగ్గా వెతగ్గా ఒకటి కనిపించింది, దానికి తాళం. చివరికి ఒక మత్స్యకారుల ఇంటి తలుపు తట్టాం. ఆ ఇల్లాలు బకెట్టు నిండా నీళ్లు తోడిపెట్టింది. డబ్బివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుని, ‘ఇంటికొచ్చిన ఆడపడుచుల దగ్గర తీసుకుంటామా అమ్మా!’ అంది. వాకిట్లో నెత్తళ్లు ఎండుతున్నాయి. అవి కొంటామంటే మాత్రం సంతోషంగా తూచి ఇచ్చింది. భర్త చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లాడట. ‘ఆదివారం ఎంతమంది వస్తారో! ఒక్కరూ ఊళ్లోకి రారమ్మా’ అంది.

ఆ మాట నన్ను వదలడం లేదు. మన శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా బతుకుతెరువు కోసం మన మత్స్యకారులు పడమటి సముద్రం దాకా వలస పోతున్నారు. వచ్చిన సందర్శకులేమో ఇసుకలో చెత్త వదిలి కార్లెక్కి వెళ్లిపోతున్నారు.

కూర్మనాథుడి గుడి ఉన్న శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ ఒక్క గార మండలంలోనే ఉన్నాయి. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారే. ఆ కొండ మీద నిలబడి వంశధారను చూడని పిల్లలు మన జిల్లాలోనే ఎందరో!

ఆదివారాలు శ్రీకాకుళం నుంచి ఒక్క బస్సు వేయండి. పొద్దున శ్రీకూర్మం, ఆపైన శాలిహుండం చూపించి, సాయంత్రానికి కళింగపట్నం చేర్చి, చీకటి పడ్డాక తిరిగి తీసుకొస్తే చాలు. ఆ రోజు మాకు తిరుగు బస్సు దొరక్క, ఆటోకు అడిగినంత ఇచ్చుకున్నాం. కారు లేని కుటుంబాలు ఇంకెలా వస్తాయి? బస్సు ఆగేచోట చేపలమ్మే ఆడవాళ్లకు నీడనిచ్చే షెడ్డు వేస్తే, కొనేవాళ్లు వాళ్ల ముందే దిగుతారు. మరుగుదొడ్డి చూసుకునే పని ఆ ఊరి మహిళలకే జీతమిచ్చి అప్పగించండి. పెద్ద పెద్ద రిసార్టుల మాట తర్వాత చూడవచ్చు.

చెల్లెలి పిల్లలు వేసవి సెలవులకు మళ్లీ వస్తామన్నారు. సంబంధిత అధికారులు ఈలోగా ఆ తాళమైనా తీయించాలి.

– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం