కంప్యూటర్ స్కోర్ మందు కాదు

మొక్కల పదార్థాల్ని కంప్యూటర్లో పరీక్షించారన్న వార్తకి "కేన్సర్‌కి మందు దొరికింది" అని హెడ్డింగ్ పెట్టడం ఆపాలండి. అలాంటి కటింగ్ ఒకటి మా మేనత్త దిండు కింద దొరికింది, రెండు కీమోలయ్యాక మానేసి లక్ష్మణఫలం ఆకులు మరగబెట్టి పొద్దున్నే స్టీలు గ్లాసుడు తాగేది, మేం కనిపెట్టేసరికి రెండు నెలలు పోయాయి. ఈ కంప్యూటర్ పరీక్షనే డాకింగ్ అంటారు, అంటే కేన్సర్ కణంలోని ప్రోటీన్ గుంటలో ఫలానా పదార్థం ఎంత బాగా ఇముడుతుందో లెక్కగట్టి స్కోర్ ఇవ్వడం, వేల పదార్థాల్లో దేన్ని ముందు ల్యాబ్‌లో చూడాలో తేల్చుకోడానికి అది బాగా పనికొస్తుంది, కానీ తాగినది రక్తంలోకి వెళ్తుందా, లివర్ తట్టుకుంటుందా అనేది ఆ స్కోర్ చెప్పదు. మొక్కల్లో మందు లేదనట్లేదు, మన కోనసీమ పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచే కేన్సర్ మందు విన్‌క్రిస్టిన్ వచ్చింది, అమెరికాలో 1963లో అనుమతిచ్చారు, అయితే అది శుద్ధి చేసి మిల్లీగ్రాముల లెక్కన నరంలోకి ఎక్కించేది, ఆకు పసరు కాదు. ఇకమీదట ఇలాంటి వార్త మొదటి లైన్లోనే ఇది కంప్యూటర్ దశా, ఎలకల దశా, మనుషుల మీద చూశారా అన్నది రాయండి, కీమోలో ఉన్నవాళ్ళు ఇంట్లో ఏ కషాయం తాగుతున్నారో ఆశా కార్యకర్తల చేత అడిగించే పని వైద్యశాఖ పెట్టుకోవాలి.

- ఒక పాఠకుడు, అమలాపురం