పాప కార్డుల మీద పూల సంగతి

నెల్లూరు

ఒరేయ్ శీనా,

ఎట్టుండావు? నీ ఉత్తరం అందింది. సంక్రాంతికి పాప చేత్తో కార్డులు చేస్తాందనీ, పూల ముద్రలు వేస్తే ఒకటే రంగు మడ్డిగా పడతాందనీ రాసినావు. ట్రంకు రోడ్డులో కూర్చుని 'సర్పంచి', 'హెడ్మాస్టరు' అని స్టాంపులు చేసుకునే నన్ను పూల గురించి అడిగినోడివి నువ్వొక్కడివే. అందుకే కాస్త పెద్దగానే రాస్తాండా. చదివి పాపకియ్యి.

ముందు ఆ ఊదారంగు ఆఫీసు ప్యాడ్ పక్కన పెట్టమను. అది రసీదులకే పనికొస్తది, కార్డు మీద అంచులు చెదురుతాయి. క్రాఫ్టు సామాన్ల అంగట్లో రెండు రకాల ప్యాడ్లుంటాయి. డై ఇంకు కాగితంలోకి ఇంకి చటుక్కున ఆరిపోద్ది. పిగ్మెంటు ఇంకు పైపైనే నిలబడి నిదానంగా ఆరుద్ది, రంగు మాత్రం చిక్కన. మన దగ్గర కార్తీకంలో ముసురు పట్టిందంటే తీగ మీద పంచే ఆరదు, ఇంక పిగ్మెంటేం ఆరుద్ది? డై ఇంకే కొనమను.

అసలు కిటుకు వరసలో ఉంది. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. రేకు బంతినే తీసుకో, అంచు పసుపు, లోపల మెరూన్. స్టాంపు మొత్తానికీ పసుపు అద్దాలి. ఆ పైన చిన్న స్పాంజి ముక్కతో మధ్యలో మాత్రం మెరూన్ తట్టాలి. అంచులకే ముదురు కావాలంటే స్టాంపును కాస్త వాల్చి, ముదురు ప్యాడ్ మీద గుండ్రంగా దొర్లిస్తే చాలు. ఈ వరస తిరగేసిందనుకో, మెరూన్ పోయి పసుపు ప్యాడ్‌కంటుకుంటది. ఇక ఆ ప్యాడ్ దేనికీ కొరగాదు.

ఇంకొకటుంది, నవ్వమాక. రెండో రంగు అద్దేలోపు మొదటిది ఆరిపోతా ఉంటది, ఫ్యాను కిందైతే మరీను. అందుకని కార్డు మీద పెట్టేముందు స్టాంపు దగ్గర నోరు బాగా తెరిచి, కళ్ళజోడు తుడవబోయే ముందు చేసినట్టు 'హా' అని ఊదాలి. ఆ తేమకి రెండు రంగులూ మళ్ళీ తడిసి, కలిసిన చోట గీత కనపడకుండా ఒకదాన్లోకొకటి జారుకుంటాయి. పసుపుకీ మెరూన్‌కీ నడుమ నువ్వు కొననే కొనని నారింజ వస్తది చూడు! నాకు అన్నిట్లోకీ ఇదే ముచ్చట.

పువ్వూ కాడా ఒకే స్టాంపులో ఉంటే ప్యాడ్లతో కుదరదు. పిల్లల స్కెచ్ పెన్నులతో రబ్బరు మీదే రేకులకి గులాబీ, కాడకి పచ్చ పూసి, మళ్ళీ 'హా' అని ఊది నొక్కాలి. పర్మనెంటు మార్కరు మాత్రం వద్దు, అది రబ్బరు మీదే ఆరిపోద్ది, కార్డుకి దిగదు.

గుత్తిగా కావాలంటే అదే పువ్వును పల్చటి కాగితం మీద కొట్టి, అంచు వెంబడి కత్తిరించి, కార్డు మీది పువ్వుకి కప్పాలి. దాని మీదికి కొంచెం ఎక్కేట్టు రెండో పువ్వు కొట్టి కాగితం తీసేస్తే, రెండోది వెనకాల పూసినట్టుంటది. రెండోదానికి కొత్తగా ఇంకు అద్దకపోతే లేతగా పడి ఇంకా దూరం పోద్ది.

మీ ఒంగోలు ఇళ్ళలో చీమకుర్తి రాయి గట్టు ఉంటది గదా, నేరుగా దాని మీద కొడితే మధ్యలో రంగు దిగదు. కింద పాత పేపరు మడతలు వేయమను. దబీమని గుద్దేది గుమాస్తాల పద్ధతి. పాపని నిటారుగా నొక్కి, కదపకుండా నిటారుగా ఎత్తమను.

స్టాంపు లేనినాడు బెండకాయ ఉండనే ఉంది. అడ్డంగా కోస్తే పువ్వే. కాస్త ముదిరింది తీసుకుని, కోసిన ముఖాన్ని గుడ్డకద్ది జిగురు పోగొట్టి, బ్రష్షుతో పోస్టరు కలరు పూస్తే సరి. మీ ఆవిడ పులుసుకి దాచినవి మాత్రం ముట్టుకోవద్దను, నా మీదికొస్తది.

సొంత పువ్వు కావాలంటే తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో గీసి పంపమను, వెలుతురు తగిలితే గట్టిపడే పాలిమరులో స్టాంపు చేసిస్తా. పెన్సిలు వద్దు, నెగటివ్‌లో (నలుపు తెలుపు తారుమారయ్యే ఫిల్ములో) ఆ గీత తేటగా రాదు, వెలుతురు తగలాల్సినంత తగలక పాలిమరు గట్టిపడకుండానే కడిగేటప్పుడు పోద్ది. రేకుల్ని గీతలుగా వదలకుండా లోపలంతా నింపమను, రంగులు కలవడానికి చోటుండాలి గదా. ముందే ఇంకు నింపుండే స్టాంపు అడగొద్దను. దాంట్లో ఇంకు లోపల్నించి ఊరతది, పైన నువ్వేం అద్దినా దండగ. డిసెంబరు నడిమికి ముందే పంపితే మేలు, తర్వాత తేదీ స్టాంపులు మార్చుకునేవాళ్ళు అంగడి నిండా ఉంటారు.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రమణ